ముందు ముద్దా, నీళ్లా?

సంగటిని ఎవురూ నమలరు.
వేలితో గుంత చేసి, గుంతలో పప్పు పోసి
గొంతులోకి ఇడిస్తే
దారి దానికే తెలుసు.
ఇరవై రెండేండ్లు అనంతపురం పాతూరు సందులో
హమాలీలకు, ఆటోవాళ్లకు
ఆ ఉండలు చుట్టి పెట్టినదాన్ని.
పోయిన ఉగాదికి ముందు ఒక మంగళవారం
నా ముద్ద నాకే అడ్డం పడె.

ఇక్కడ, రొమ్ము నడిమధ్య,
ఎవురో పిడికిలి బిగించినట్ల.
చెంబెడు నీళ్లు తాగితే
నీళ్లు గూడా దాని మీదే నిలబడె,
బోరింగు కాడ బిందెల మాదిరి.
లేచి, చేతులు పైకెత్తి, ఎనక్కి వొంగి
కిందికి పంపేది నేర్చుకుంటి.
"ఎవురికి మొక్కుతాండావు సుంకులక్కా?"
అని గిరాకీలు నవ్విరి.

రాత్రి పండుకుంటే
పొద్దున తిన్నది నోట్లోకొస్తాది.
పులుపు ల్యాదు, చేదు ల్యాదు,
తిన్నది తిన్నట్లే.
దగ్గు. తడిసిన దిండు.

ముద్ద దిగలేదంటే మన మాటలో
దుఃఖమనే గదా అర్థం.
"ఏం మనేద పెట్టుకున్న్యావుమే?" అనె మా వదిన.
ఎనిమిది నెలలు నాలో మనేద కోసరం ఎతుకుతి.
దొరికె. ఎతికితే ఎవురికి దొరకదు?
పదకొండో దినానికే పోయిన బిడ్డ,
చీటీ డబ్బులతో పారిపోయిన నాగరత్న.
కూచ్చోని బాగా ఏడిస్తి.
ముద్ద మాత్రం దిగల్యా.

ఆరెంపీ తిప్పేస్వామి గ్యాసనె.
గుండె అనుకోని ఈసీజీ తీసిరి,
గీతలు చక్కగుండె.
మిరపకాయలు తిప్పి పొయ్యిలో ఏసిరి,
నాకు గాదు, పక్కింటోళ్లకు దగ్గొచ్చె.
తొమ్మిది కేజీలు తగ్గితి.
ఒక మాట తల్లో తిరుగుతానే ఉన్న్యా
పైకి అనల్యా.

పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ నిఖత్
చెయ్యి పట్టుకోకముందే అడిగె:
"ముందు ముద్ద ఆగిందా, నీళ్లు ఆగినాయా?"
అంతవరకూ ఎవురూ అడగని మాట.
"రెండూ ఒకేసారి తల్లీ."
ఆయమ్మ రాసేది ఆపె.
ముందు సంగటి, నెలలకు మజ్జిగ, ఆఖరికి నీళ్లు అయితే
దారిలో ఏదో పెరుగుతాందని భయపడాలంట.
మంటతో మొదలైతే
కడుపులో పులుపు ఎగదన్ని కాల్చిందనుకోవాలంట.
"నీది వేరే దారిలో ఉన్నట్టుంది.
కెమెరా దింపి చూడందే చెప్పను."

బెంచీ మీద నా పక్కన
నీళ్ల సీసా అనుకోని బాత్రూం యాసిడ్ తాగిన పిల్లోడు,
ఎంగిలి గూడా దిగక గ్లాసులో ఉమ్ముతాండె.
పరీక్షల రాత్రి మాత్రను ఉత్తదే మింగి
పండుకున్న అమ్మాయి, లోపల పుండు.
జర్దా నమిలే ముసిలాయన, కాగితం తిరగేసి పట్టుకోని.
జానెడు పొట్ట అంటాము గానీ
జానెడు గొట్టం సంగతి మనకెవురు చెప్పిరి?

కెమెరాకు గడ్డ కనపడల్యా.
ఎక్స్‌రే గదిలో మాబాషా
సున్నమట్లాంటి తెల్లనీళ్లిచ్చె.
తాగక్కా. ఆపు. ఇంగో గుక్క.
తల తిప్పి తెర మీద నన్ను నేను చూసుకుంటి:
పైన సొరకాయ మాదిరి ఉబ్బి
కింద పిట్టముక్కంత సన్నంగా.
అంత తెల్లగా
నేనెప్పుడూ కనపడల్యా.

కర్నూలుకు పంపిరి.
ముక్కులోంచి తీగ దింపి
గుక్క గుక్కకూ గీత గీసిరి.
కింది వాకిలి తెరుచుకోదంట,
పైనుంచి నెట్టే అల పుట్టదంట.
ఆడుండే నరాలు సచ్చిపోయినాయంట.
"ఎందుకు?"
"సరిగ్గా ఎవరికీ తెలీదమ్మా."
"నా మనేద వల్లనా?"
"కాదు."
బస్సులో డోన్ దాటేవరకూ
ఆ కాదునే చప్పరిస్తా కూచ్చుంటి.

వచ్చే నెల ఆ వాకిలిని కోసి వదులు చేస్తారు.
అంతవరకూ సంగటిని అంబలి చేసి
నిలబడి తాగుతాండా.
నిన్న ఒక హమాలీ, ఖాజావలి,
ముద్ద నోట్లో పెట్టి ఆగిపాయ,
ఎదురు రొమ్ము రుద్దుకుంటా.
తెడ్డు పక్కన పెట్టి పోయి అడిగితి:
"ముందు ముద్దా, నీళ్లా?"
ఊరిబిండి కావల్నా అని అడిగినాననుకోని
ఆకు ముందుకు జరిపె.